చౌలా చెవి

పెద్ద ఇంజను రంపం కావాలని వచ్చినవాడికి పెద్ద రంపం అమ్మడం ఎలేసియాకు ఇష్టం ఉండదు. అది దయాగుణం కాదు. మోయలేనంత బరువైనది కొన్నవాడు నెల తిరక్కుండానే దాన్ని మూల పడేస్తాడు. మూలన పడిన రంపానికి గొలుసు అక్కర్లేదు, ఆకురాయి అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. తన ఒంటికీ తన చెట్టుకీ సరిపోయినది కొన్నవాడు మాత్రం ఏళ్ళ తరబడి అంగడి గడప తొక్కుతూనే ఉంటాడు.

ఆ సోమవారం పొద్దున కొండ మీది మాఫింగా ఊరంతా మంచు కప్పుకుని ఉంది. తేయాకు తోటల వైపు నుంచి వచ్చిన రైతు ఒకడు స్వెట్టరు మీద కోటు, కోటు మీద దుప్పటి కప్పుకుని గొలుసు తిరిగే బార్ అన్నిటికంటే పొడుగున్న రంపం ముందు నిలబడ్డాడు.

"ఏం చెట్లన్నా?" అంది ఎలేసియా.

"యూకలిప్టస్. కరెంటు స్తంభాలకి."

"ఎంత లావు?"

అతను రెండు చేతులూ చాచి వలయం చూపించాడు.

"అంత లావు స్తంభం ఎవరు పాతుకుంటారన్నా? సరిగ్గా చూపించు."

వలయం కొంచెం చిన్నదైంది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం తగ్గింది. ఎలేసియా మధ్యరకం రంపం ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "దీన్ని పట్టుకుని రోడ్డు చివరి చర్చి దాకా వెళ్ళి రా. వచ్చాక కూడా నీకు పెద్దదే కావాలనిపిస్తే ఇస్తాను. బార్ పొడుగు చూసి మీ ఇంట్లో ఎవరూ మురిసిపోరు. సాయంత్రం నీ నడుము ఎలా ఉందో చూస్తారు."

అతను నవ్వుకుంటూ బయలుదేరాడు. అతనికి ఎదురుగా, మంచులోంచి చౌలా పికప్ బండి వచ్చి అంగడి ముందు ఆగింది.

చౌలా రంపాల యజమాని. కోతగాళ్ళకు రంపాలు అద్దెకిస్తాడు. ఆయనవి డజను దాకా పైన్ తోటల్లోనూ, కొండ కింద లోయలో టేకు తోటల్లోనూ తిరుగుతుంటాయి. ఎలేసియా అంగడికి ఆయనకంటే పెద్ద ఖాతాదారు లేడు. అంతకంటే పెద్ద పేరు ఆయన చెవిది. ఎవరి రంపం దగ్గినా, తుమ్మినా చౌలా దగ్గరికే తెస్తారు. ఆయన తల ఒక పక్కకు వాల్చి, అరచెయ్యి చెవి వెనక పెట్టి, రెండో చేత్తో పెట్రోలు పాలు సరిచేసే కార్బరేటర్ స్క్రూ తిప్పుతాడు. స్క్రూ ఎక్కడ ఆగితే అక్కడ రంపం పాట అందుకుంటుంది. పెద్ద వర్క్‌షాపుల మెకానిక్కులు కూడా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడడం ఎలేసియా కళ్ళారా చూసింది.

చౌలా దిగి, పికప్ వెనకనుంచి ఒక రంపాన్ని తీసి ఆమె బల్ల మీద దబ్బున పెట్టాడు. వెనకాలే పల్చటి చొక్కాలో వణుకుతూ ఒక మనిషి దిగాడు. లుకేలో. పదేళ్ళుగా కోతపని చేస్తున్నవాడు. లోయ బట్టలతోనే కొండెక్కించి తెచ్చినట్టున్నారు.

"షికమో, అక్కా," అని తల వంచి పలకరించాడు లుకేలో.

"మరహబ. ముందు ఆ కుంపటి దగ్గర కూర్చో."

"కూర్చోబెట్టకు వాణ్ణి," అన్నాడు చౌలా. "నా రంపాన్ని చంపాడు. విప్పి చూడు చెల్లీ. చూసి నీ నోటితో చెప్పు. పెట్రోల్లో కలపమని ఇచ్చిన నూనె అమ్ముకున్నాడు వీడు. ఒట్టి పెట్రోలు పోసి నడిపాడు."

లుకేలో నిలబడే ఉన్నాడు. "పోశానన్నా. నా చేత్తోనే కలిపాను. మా గ్యాంగు పెద్ద కిహ్వేలె చూస్తూనే ఉన్నాడు."

"కిహ్వేలెకి నువ్వంటే ముద్దు. చూడకపోయినా చూశానంటాడు."

రంపం ఎవరి చేతిలో చస్తే వాడు తన వరుస వదిలి వెళ్ళాలి. కోతగాళ్ళలో అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. తోటలో ఒక్కొక్కరికీ ఒక్కో వరుస చెట్లు పంచుతారు. వరుస పోతే ఆ కాలానికి పని పోయినట్టే. అంతవరకైతే మళ్ళీ ఏడాది చూసుకోవచ్చు. కానీ చావుకు కారణం నూనె దొంగతనమని తేలితే, మాఫింగాలో ఇక ఎవడూ ఆ మనిషి చేతికి రంపం ఇవ్వడు. ఏడాది తర్వాతైనా, పదేళ్ళ తర్వాతైనా. కారణం తేల్చేది ఎలేసియా బల్ల. యజమానులూ ఆమె దగ్గరే కొంటారు, కోతగాళ్ళూ ఆమె దగ్గరే కొంటారు కాబట్టి ఆ బల్ల మీద పలికిన మాటను ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఎలేసియా చేతులు తుడుచుకుని రంపాన్ని తనవైపు తిప్పుకుంది. మూత తీసింది. గాలి జల్లెడ శుభ్రంగా ఉంది. గొలుసు పళ్ళన్నీ ఒకే కోణంలో ఆకురాయి పట్టించి ఉన్నాయి, ఒక్క పన్నూ పొట్టిది కాదు, పొడుగుది కాదు. పనిముట్టును ఇలా చూసుకునేవాడు నూనె అమ్ముకోడు అనుకుంది. కానీ అనుకోవడం సాక్ష్యం కాదు. ప్లగ్ విప్పింది. దాని ముక్కు తెల్లగా, సున్నం పూసినట్టుంది. సైలెన్సర్ ఊడదీసి, పొగ దారిలోంచి లోపలికి చూసింది. పిస్టన్ ఒంటి మీద గోళ్ళతో గీకినట్టు నిలువు చారలు. రింగు గాడిలోనే కరుచుకుపోయింది.

"చూశావా?" అన్నాడు చౌలా ఆమె భుజం మీదుగా వంగి.

"వెలుగుకి అడ్డం తప్పుకో అన్నా."

సిలిండర్ పైకి లాగింది. రంపాన్ని అటు తిప్పి పిస్టన్ రెండో వైపు చూసింది. గాలి, పెట్రోలు వచ్చే వైపు అద్దంలా నున్నగా ఉంది. చారలన్నీ పొగ వైపే. నూనె లేక చచ్చినదైతే చుట్టూ గీసుకుపోయేది. చిటికెన వేలు పిస్టన్ కింది గుంటలోకి పోనిచ్చి, కడ్డీ మొదలు తడిమి, బయటకు తీసి బొటనవేలితో రాసి చూసింది. జారింది. ఇంకోసారి రాసింది. జిడ్డుగా, నీలంగా, తాను అమ్మిన నూనె రంగులోనే ఉంది.

నూనె పోశాడు.

చౌలా ఆమె మొహం చూస్తున్నాడు. లుకేలో ఆమె వేళ్ళు చూస్తున్నాడు. రోడ్డవతల చపాతీలు కాల్చే ఆమె కూడా పెనం వదిలేసి తొంగి చూస్తోంది. చర్చి దాకా వెళ్ళిన రైతు రొప్పుతూ వచ్చి గడప దగ్గర ఆగాడు.

"రేపు చెప్తాను," అంది ఎలేసియా, వేలు గుడ్డకు తుడుచుకుంటూ.

"రేపా? ఎప్పుడూ చాయ్ చల్లారేలోగా చెప్పేదానివి."

"ఇవాళ చాయ్ తాగలేదు."

చౌలా గుర్రుగా చూశాడు. "సరే. రేపటికి నాకు కొత్త రంపం ఒకటి సిద్ధం చెయ్యి. మా బావమరిది ఒబెది వీడి వరుసలో దిగుతాడు. పొద్దున్నే బయలుదేరాలి."

పికప్ వెళ్ళిపోయింది. రైతు మధ్యరకం రంపాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టి, "ఇదే ఇవ్వు తల్లీ," అన్నాడు.

ఎలేసియా లుకేలోకు చాయ్, వేడి చపాతీ తెప్పించింది. అతను తినకుండా గ్లాసు చుట్టూ వేళ్ళు చుట్టుకుని కూర్చున్నాడు.

"తిను. తినకపోతే దొంగవి కాదని ఎవరూ అనరు," అంది. "అది ఎలా చచ్చిందో మొదటినుంచి చెప్పు. ఏమీ వదలకు."

"లోయలోకి దిగిన రోజు అంత బాగా ఎప్పుడూ కొయ్యలేదక్కా. వెన్నలో దిగినట్టు దిగింది. అందరూ చుట్టూ మూగారు. అన్న చెయ్యి పడితే ఇంతే మరి అన్నారు."

"తర్వాత?"

"తర్వాత వేడెక్కితే ఆగిపోయేది. చల్లారితేగాని అందుకునేది కాదు."

"ఆగకముందు? మీట వదిలేసి ఊరికే పట్టుకున్నప్పుడు గొలుసు తిరిగేదా?"

లుకేలో ఆలోచించాడు. "తిరిగేది. నెమ్మదిగా పాకుతున్నట్టు. గొలుసు వదులైందేమో అనుకుని రెండుసార్లు బిగించాను కూడా."

"దాని గొంతు?"

"సన్నగా, పైకి. మా ఊళ్ళో పెళ్ళిలో ఆడవాళ్ళు సంబరంగా కూత పెడతారే, అలా." చెప్పి, గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, ఒకవేళ నూనె కాదని తేలితే నా వరుస నాకిస్తారా?"

"నువ్వు చపాతీ తిను."

అతను తింటుంటే ఎలేసియా సైలెన్సర్ చేతిలోకి తీసుకుంది. చౌలా దాని నోరు వెడల్పు చేశాడు. పొగ త్వరగా వెళ్తే రంపం చురుగ్గా ఊపిరి తీసుకుంటుంది. బలం వస్తుంది, నిజమే. కానీ అలా ఊపిరి పెంచినప్పుడు పెట్రోలు కూడా పెంచాలి. చౌలాకు అది తెలుసు. పెంచాడు కూడా. చెవి వెనక చెయ్యి పెట్టి, ఇక్కడ, ఈ చలిలో, ఈ కొండ మీద సరిగ్గా సరిపోయేలా పెట్టాడు.

ఎలేసియా అక్క లోయలో ఉంటుంది. ఒకే గంపలోని బీన్సు ఇద్దరూ పంచుకుంటే, ఇక్కడ బస్తాడు బొగ్గు కాలినా ఉడకనివి అక్కడ మధ్యాహ్నానికే మెత్తబడతాయి. ఇక్కడి గాలి పలచన, అక్కడి గాలి చిక్కన. ఇక్కడి పలచటి గాలికి సరిపోయిన పెట్రోలు అక్కడి చిక్కటి గాలికి ఏ మూలకు వస్తుంది? పెట్రోలు తగ్గితే దానితో కలిసి వెళ్ళే నూనె కూడా తగ్గుతుంది. ఆకలితో పరిగెత్తే గుర్రంలా రంపం మొదట్లో చెలరేగిపోతుంది. ఆ తర్వాత లోపల కాలుతుంది.

లోయకు వెళ్ళిన రంపాలు ప్రతి ఎండాకాలం చస్తూనే ఉంటాయి. లోయలో దొంగలెక్కువ అంటారు అందరూ. అవి చచ్చినప్పుడల్లా కొత్త పిస్టన్, సిలిండర్ ఆమె అంగడి నుంచే వెళ్తాయి. కాబట్టి ఈ సంగతి బయటపెడితే పోయేదేమిటో ఆమెకు బాగా తెలుసు. లోయ చావుల అమ్మకం పోతుంది. చౌలా అలిగితే, రోడ్డు మలుపులో కొత్తగా తెరిచిన దుకాణం వాడు ఆయన కోసం కుర్చీ తుడిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఇటువైపు ఉన్నది లుకేలో పేరు ఒక్కటే.

ఇంకోటి కూడా ఉంది. ఆ బల్ల మీద వేలికి తడి తగిలాక పొడి అని చెబితే, ఆ తర్వాత ఆ బల్ల ఒట్టి చెక్క. చెక్క అమ్మేవాళ్ళు మాఫింగాలో వీధికి పదిమంది ఉన్నారు.

కాబట్టి చెప్పాలి. చెప్పాలా వద్దా అన్నది ఇక లెక్కలో లేదు, ఎలా చెప్పాలన్నదే మిగిలింది. 'నీ స్క్రూ వల్లే చచ్చింది' అని ఇక్కడ అంటే చౌలా ఇంకో రంపాన్ని అలాగే పెట్టి, స్టార్ట్ చేసి వినిపిస్తాడు. ఇక్కడ అది బ్రహ్మాండంగా పాడుతుంది. వీధంతా ఆయన చెవినే నమ్ముతుంది. లుకేలో దొంగగానే మిగులుతాడు.

మర్నాడు తెల్లవారగానే చౌలా వచ్చాడు. వెంట ఒబెది ఉన్నాడు. చాప చుట్ట చంకలో, కొత్త గంబూట్లు కాళ్ళకి, నిద్ర కళ్ళలో.

కొత్త రంపాన్ని చౌలా బల్ల మీదే విప్పాడు. ఎలేసియా అడ్డు చెప్పలేదు. సైలెన్సర్ మూత తీసి, దాని నోటికి గుండ్రటి ఆకురాయి పెట్టి ఓపిగ్గా అరగదీశాడు. రజను లోపల పడకుండా గుడ్డ కుక్కాడు, అంచులు నున్నగా చేశాడు, ఊది తుడిచాడు. నిప్పురవ్వల జాలీ మాత్రం మళ్ళీ జాగ్రత్తగా బిగించాడు. ఎండిన టేకు ఆకుల్లో ఒక్క రవ్వ పడితే తోటే మిగలదు. ఆయన చేతిలో మొరటుతనం లేదు. ఎలేసియా ఆ చేతుల్ని చూస్తూ, ఈ మనిషిని అబద్ధాలకోరు అనడానికి లేదు అనుకుంది. ఆయన నమ్మిందే అంటున్నాడు.

రంపం స్టార్ట్ చేశాడు. వెచ్చబడనిచ్చాడు. తల వాల్చి, చెయ్యి చెవి వెనక పెట్టి, స్క్రూ సన్నసన్నగా తిప్పాడు. గొంతు చిక్కగా బుడబుడమంటూ ఉండి, క్రమంగా తేటపడింది. ఇంకాస్త తిప్పితే బుడబుడ పూర్తిగా పోతుందనగా ఆపి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. వీధిలో ఎవరో ఈల వేశారు.

"ఎలా ఉంది?" అన్నాడు చౌలా.

"ఇక్కడ దీనికి వంక పెట్టలేను," అంది ఎలేసియా. అది నిజం.

"మరి వీడి సంగతి చెప్పు."

"లోయలో చెప్తాను. గ్యాంగు ముందు. వరుస పోయేది అక్కడ కదా, మాట కూడా అక్కడే పడాలి. నేనూ పికప్‌లో వస్తున్నాను, లుకేలో వస్తాడు."

చౌలా నవ్వాడు. "లోయ చేప తినాలనుందని చెప్పొచ్చుగా. ఇంత బండి తిప్పాలా?"

"చేప కూడా తింటాను."

కొండ దిగే మట్టిరోడ్డు మీద మొదట పైన్ చెట్లు పోయాయి, తర్వాత మంచు పోయింది. సగం దారిలో స్వెట్టర్లు విప్పారు. చెవులు దిబ్బడపడి, టప్పున తెరుచుకున్నాయి. వెనక కూర్చున్న ఒబెది, లుకేలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో పక్కకు చూస్తూ ప్రయాణం చేశారు. అడుగుకు చేరేసరికి గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంది. మామిడి చెట్లు, వరి మడులు, ఆ తర్వాత ఎటు చూసినా టేకు.

తోటలో మధ్యాహ్నం తిండి వేళ. నేలంతా పళ్ళేలంత ఎండుటాకులు, అడుగు వేస్తే అప్పడాల చప్పుడు. గ్యాంగు చెట్లనీడన గుండ్రంగా కూర్చుని, మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్దలు చేపపులుసులో అద్దుకుని తింటోంది. గ్యాంగు పెద్ద కిహ్వేలె లేచి వచ్చి, చౌలాకంటే ముందు లుకేలో చెయ్యి పట్టుకున్నాడు.

"బతికే ఉన్నావా? కొండమీద చలికి కొయ్యబారిపోయావనుకున్నాను."

"ఇంకా తేలలేదు పెద్దాయనా," అన్నాడు లుకేలో.

ఒబెది ఎక్కడ చాప పరవాలా అని చూస్తున్నాడు. ఎవరూ చోటు చూపించలేదు.

తిండి అయ్యాక చౌలా కొత్త రంపం అందుకుని లుకేలో వరుసలో మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. ముందు గాటు పెట్టాడు, వెనక కోత పెట్టాడు. పొట్టు ధారగా ఎగిరి మోకాళ్ళ దాకా పడింది. ఆయన ధ్యాసంతా చెట్టు పడే వైపే ఉంది. చెట్టు ఒకసారి ఆలోచించినట్టు ఆగి, సరిగ్గా అనుకున్న చోటే పడింది. గ్యాంగు చప్పట్లు కొట్టింది.

"చూశారుగా?" అన్నాడు చౌలా నుదురు తుడుచుకుంటూ. "రంపంలో లోపం లేదు. పట్టినవాడి చేతిలోనే ఉంటుంది. ఇక చెప్పు చెల్లీ."

ఎలేసియా ఒక మొద్దు మీద కూర్చుంది. "చెప్తాను. దానికి ముందు నీ చెవితో నాకొక పని ఉంది అన్నా. ఇక్కడ నీ రంపాలు ఇంకా ఉన్నాయి. ఒకటి చచ్చింది. ఇంకోటి చావుకు దగ్గరగా ఉందేమో నాకు అనుమానం. నాది అంగడి చెవి, అంత దూరం పోదు. నువ్వు విని చెప్పు."

"అదెంత పని? తెమ్మను."

"అటు తిరిగి నిలబడు. చూస్తూ వింటే ఏది ఎవరిదో తెలుస్తుంది. తెలిస్తే చెవి మొహమాటపడుతుంది."

చౌలాకు ఆ మాట నచ్చింది. గ్యాంగులో ఇద్దరు ముగ్గురి వైపు చూసి కన్నుగీటి, ఒక టేకు చెట్టు వైపు మొహం తిప్పి నిలబడ్డాడు. అలవాటుగా తల వాలింది. చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది.

ఎలేసియా కిహ్వేలెకు వేలితో చూపించింది. ఆయన తన పాత రంపం తాడు లాగాడు. దాని సైలెన్సర్ ఎవరూ ముట్టుకోనిది, కొన్ననాటి మూతలు స్క్రూల మీద ఇంకా అలాగే ఉన్నాయి. మీట పూర్తిగా నొక్కితే జావ ఉడికినట్టు బుడబుడమంది.

"ఇది ముసలిది," అన్నాడు చౌలా చెట్టుతో మాట్లాడుతున్నట్టు. "బలం లేదు గానీ ఆరోగ్యంగా ఉంది. ఇంకో పదేళ్ళు దగ్గుతూ బతుకుతుంది. కిహ్వేలె లాగే."

గ్యాంగు నవ్వింది. కిహ్వేలె కూడా నవ్వాడు.

రెండోది ఈ కాలం మొదట్లో చౌలా సైలెన్సర్ నోరు వెడల్పు చేసి పంపినది. తాడు లాగారు, నొక్కారు. చౌలా తల ఇంకాస్త వాల్చాడు.

"ఇది ఎండిపోయి కూస్తోంది. పొద్దున పూట పర్వాలేదు. మధ్యాహ్నం ఎండలో ఆగి ఆగి నడుస్తూ ఉండాలి. అవునా?"

దాన్ని నడిపే మనిషి అవునని తలూపాడు. చౌలాకు కనిపించదని గుర్తొచ్చి, "అవునన్నా," అన్నాడు.

మూడోసారి కిహ్వేలె కొత్త రంపాన్నే ఎత్తాడు. ఇప్పుడే చెట్టు కోసిన వేడి ఇంకా దాని మీద ఉంది. తాడు లాగీ లాగగానే అందుకుంది. నొక్కాడు. ఎక్కడా బుడబుడ లేదు. సన్నటి, తేటైన గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళింది.

చౌలా రెండు చేతులూ పైకి లేచాయి.

"ఆపు. ఆపు ముందు. ఎవడిదిరా అది? తాగడానికి చుక్క లేక అరుస్తోంది. సాయంత్రానికి చస్తుంది."

కిహ్వేలె ఆపేశాడు. చౌలా చేతులు దించి వెనక్కి తిరిగాడు. కిహ్వేలె చేతిలో ఉన్న రంపాన్ని చూశాడు. దాని బార్ మీద ఇంకా చెరగని కొత్త రంగుని చూశాడు. మిగతా రెండూ నేలమీద ఉన్నాయా అని వెతికాడు. ఉన్నాయి.

చౌలా నోరు ఎన్ని మాటలైనా ఆడగలదు గానీ, ఆయన చెవికి అబద్ధం చేతకాదు. ఎలేసియా నమ్మి వచ్చింది ఆ ఒక్కదాన్నే.

"మాఫింగాలో ఇలా లేదు," అన్నాడు చివరికి.

"లేదు. నేనూ పక్కనే ఉన్నాను. అక్కడ బాగానే ఉంది."

"మరి దారిలో ఎవడు ముట్టుకున్నాడు?" ఆయన చూపు లుకేలో మీదికి వెళ్ళబోయి, సగంలో ఆగింది. రంపం దారంతా ముందు సీట్లో ఆయన పక్కనే ఉంది.

"ఎవరూ ముట్టుకోలేదన్నా. కొండ దిగింది, అంతే. ఇక్కడి గాలి చిక్కన. అక్కడ సరిపోయిన పెట్రోలు దీనికి ఇక్కడ చాలదు. నూనె వెళ్ళేది పెట్రోలుతోనే కదా. రెండూ కరువే." ఎలేసియా లేచి నిలబడింది. గ్యాంగు అంతా వినేలా, బల్ల దగ్గర మాట్లాడే గొంతుతోనే చెప్పింది. "చచ్చిన రంపాన్ని విప్పాను. అడుగున నూనె తడి నా వేలికి అంటింది. చారలు పొగ వైపే ఉన్నాయి, రెండో వైపు నున్నగా ఉంది. లుకేలో నూనె పోశాడు. నా మాట ఇది."

లుకేలో పక్కనున్న చెట్టు బెరడు మీద గోటితో ఒక పెచ్చు ఊడబీకి, దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

చౌలా వచ్చి ఎలేసియా పక్కన ఆగాడు. గొంతు తగ్గించి, "నీకు నిన్ననే తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"చెప్పొచ్చుగా."

"చెప్తే వినేవాడివా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "వినేవాణ్ణి కాదు," అన్నాడు. "ఆ మలుపు దుకాణానికి పోయేవాణ్ణి."

"అందుకే."

చౌలా చెయ్యి చాచాడు. ఎలేసియా స్క్రూడ్రైవర్ ఇచ్చింది. కిహ్వేలె రంపం పట్టుకుని నొక్కాడు. చౌలా వంగి, తల వాల్చి, స్క్రూను వెనక్కి తిప్పాడు. పావు చుట్టు. గొంతు దిగింది. ఇంకొంచెం. అడుగున ఎక్కడో బుడబుడ మొదలైంది. దగ్గరి కొమ్మకు బార్ ఆనించి చూశాడు. కోతలో గొంతు తేటపడింది, బయటికి తీయగానే మళ్ళీ బుడబుడమంది. చౌలా కళ్ళు మూసుకుని మూడు నాలుగు సార్లు అలాగే చేశాడు. తెలిసిన మనిషే కొత్త ఊళ్ళో ఎదురైతే పోల్చుకుంటున్నట్టుంది ఆయన మొహం. తర్వాత ఎవరూ అడక్కుండానే రెండో రంపాన్ని కూడా దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పని అయ్యేదాకా ఆగి, కిహ్వేలె గొంతు సవరించుకున్నాడు.

"మరి ఆ చచ్చిన రంపం ఎవరి చేతిలో చచ్చినట్టు?"

కొందరు కాళ్ళవైపు చూసుకున్నారు. ఒకడు దగ్గు నటించాడు.

"అడగాలి కదా," అన్నాడు కిహ్వేలె. "కట్టుబాటు కట్టుబాటే. ఎవరి చేతిలో చస్తే వాళ్ళు వరుస వదలాలి."

చౌలా నెమ్మదిగా నడుం ఎత్తాడు. "నాకు వరుస ఎక్కడిది వదలడానికి?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను."

"నన్నేం చెయ్యమంటావ్?"

"నేనేం చెయ్యమంటాను? నువ్వు యజమానివి. కాకపోతే లుకేలో ఇక్కడ లేని రోజుల్లో వాడి వరుస వెనకపడింది. పక్క వరుసలు ముందుకెళ్ళిపోయాయి. మధ్యలో వాడి చెట్లు పోటీకి నిలబడ్డట్టు నిలబడ్డాయి. చూడ్డానికి బాగాలేదు."

ఎవరో ఆపుకోలేక నవ్వారు. చౌలా వాళ్ళ వైపు చూడలేదు. చెట్ల వరుస వైపు చూశాడు, ఈ చివరనుంచి ఆ చివరకు. ఆయన రంపాన్ని పొద్దంతా మోసి చాలా ఏళ్ళైంది. నడుం మీద బెల్టు పైకి లాగి, చొక్కా చేతులు మడిచాడు.

"ఒబెదీ," అన్నాడు. "చాప విప్పకు. కొమ్మలు లాగు."

ఒబెది తన కొత్త గంబూట్ల వైపు చూసుకుని, చాప చుట్టను చెట్టుకు ఆనించి వచ్చాడు. అతనిలో కోపం కంటే ఊరటే ఎక్కువ కనిపించింది.

సాయంత్రం దాకా చౌలా కోశాడు. మొదటి రెండు చెట్లూ జోరుగా పడ్డాయి. తర్వాత ఒక్కో చెట్టుకీ మధ్య విరామం పెరిగింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మిగతా కోతగాళ్ళు తమ వరుసల్లో పని చేస్తూనే, మధ్యమధ్య తమ రంపాలు తెచ్చి ఆయన పక్కన నేలమీద పెట్టి వెళ్తున్నారు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా ఒకటి ఎత్తి, విని, స్క్రూ తిప్పి పక్కన పెడుతున్నాడు. రెండు మూడింటికి ముట్టుకోకుండానే బాగుందని చెప్పాడు.

ఎలేసియా నీడ జరిగినప్పుడల్లా మొద్దు మార్చుకుంటూ చూసింది. లోయ పిస్టన్ల అమ్మకం పోయినట్టే. ఆ మాట నిజం, దాన్ని ఎటు తిప్పినా నిజమే. కానీ చావని రంపాలు గొలుసులు తింటాయి, ఆకురాళ్ళు తింటాయి, బార్లు అరగదీస్తాయి, రోజూ తింటాయి. ఇకమీదట కొండ దిగే ప్రతి రంపానికీ ఇక్కడ ఇంకోసారి చెవి పెట్టాలి. అంటే చౌలా ఎండాకాలమంతా లోయకు తిరుగుతూ ఉంటాడు. అంత తిరిగే మనిషికి సరుకు దగ్గర్లో ఉండాలి. అక్క ఇంటి ముందు వసారా ఖాళీగానే ఉంది. చేప తినడానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి మాట్లాడాలి అనుకుంది.

లుకేలో చౌలా వెనక నిలబడి ఉన్నాడు, చేతిలో చెక్క మేకు, సుత్తి. చెట్టు వంగాల్సిన వేళకు కోతలో మేకు పెట్టి కొడుతున్నాడు. క్షమించమని చౌలా అడగలేదు. అడుగుతాడని లుకేలో ఎదురుచూస్తున్నట్టూ లేదు.

పొద్దు వాలుతుండగా చౌలా పడిన చెట్టును ముక్కలు చేయడానికి వంగాడు. అలసటకు చేతులు దిగిపోయి, బార్ ముక్కు మట్టి వైపు జారుతోంది.

"అన్నా," అన్నాడు లుకేలో. "నేలకి తగలనివ్వకు. రాయి తగిలితే పళ్ళన్నీ పోతాయి. రేపు ఆ గొలుసుతో కొయ్యాల్సింది నేను."

చౌలా తల తిప్పి అతని వైపు చూశాడు. కోపం వస్తుందేమోనని కిహ్వేలె తన రంపం ఆపి చూశాడు. చౌలా కాలు ముందుకు జరిపి, మోకాలు మొద్దుకు ఆనించి, బార్ ముక్కు బెత్తెడు పైకెత్తి కోత మొదలుపెట్టాడు.